లండన్ పెంచిన పార్టీ

1934లో రెండు చిన్న పార్టీల కలయికతో స్కాటిష్ నేషనల్ పార్టీ పుట్టింది. 1945 ఉప ఎన్నికలో గెలిచిన ఏకైక స్థానం మూడు నెలలకే చేజారింది. 1967లో విన్నీ యూయింగ్ హామిల్టన్‌లో లేబర్ కంచుకోటను బద్దలుకొట్టాకే లండన్ ఉలిక్కిపడింది. ఉత్తర సముద్రంలో చమురు బయటపడ్డాక, ఆ సంపద ఎవరిదన్న ప్రశ్నే పార్టీకి ఆయుధమైంది. 1974 అక్టోబరులో 11 స్థానాలు దక్కాయి.

1979 ప్రజాభిప్రాయ సేకరణలో పోలైన ఓట్లలో 51.6 శాతం స్కాట్లాండ్‌కు ప్రత్యేక శాసనసభ కావాలన్నాయి. మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న నిబంధన దానికి అడ్డుపడింది. ఆగ్రహించిన పార్టీ లేబర్ ప్రభుత్వంపై అవిశ్వాసానికి ఓటేసి, తర్వాతి ఎన్నికల్లో తానే రెండు స్థానాలకు పడిపోయింది. అధికారం థాచర్‌కు దక్కింది. ఆపై 18 ఏళ్లు స్కాట్లాండ్ గెలిపించింది లేబర్‌ను, ఏలింది కన్సర్వేటివ్‌లు. పోల్ టాక్స్ సైతం ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే, 1989లో, స్కాట్లాండ్ నెత్తిన పడింది.

1999లో ఏర్పడిన పార్లమెంటుతో వేర్పాటు నినాదం చల్లారుతుందని లేబర్ ఆశించింది. ఆ సభలోనే జాతీయవాదులు 2007లో అధికారం చేపట్టి, 2011లో 129కి 69 స్థానాలు గెలిచారు. 2014లో స్వాతంత్ర్యం వద్దని 55 శాతం తీర్పు చెప్పిన ఓటర్లు, మరుసటి ఏడాదే వెస్ట్‌మినిస్టర్‌కు 59 మందిలో 56 మందిని ఆ పార్టీ నుంచే పంపారు. 2024లో ఆ బలాన్ని 9కి కుదించారు. విడిపోవడానికి ఇంకా ఒప్పుకోని ప్రజలే, తమ మాట వినని లండన్‌కు జవాబుగా ఆ పార్టీని పెంచారు. జవాబుదారీ తప్పిందనిపించినప్పుడు దానినీ విడిచిపెట్టలేదు.