ఇనుప స్తంభము చెప్పు చరిత్ర

చరిత్ర యనగానే మనకు రాజులును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చును. నేలకు సయితము చరిత్ర కలదు. ఇంగ్లండు తూర్పుభాగమునందలి ఫెన్సు అను చిత్తడినేలల వృత్తాంతమును నేడు మీకు మనవి చేయుచున్నాను.

అచ్చటి రెల్లు, తుంగ, నాచు నీట మునిగి, గాలి సోకమిచే పూర్తిగా క్రుళ్ళక, వేలకొలది సంవత్సరములు పొరలుపొరలుగా పేరుకొని నల్లని మన్నయ్యెను. దీనినే పీటు అందురు. కోసి యెండబెట్టిన పిడకవలె మండును. జనులు చేపలను, అడవిబాతులను పట్టి, రెల్లుతో ఇండ్లు కప్పుకొని జీవించుచుండిరి.

17వ శతాబ్దిలో బెడ్‌ఫర్డు ప్రభువును, తోడి ధనికులును వెర్మైడెన్ అను డచ్చి నిపుణునిచే కాలువలు త్రవ్వించి నీటిని వెడలించిరి. తమ జీవనము పోవునని స్థానికులు కట్టలు తెగగొట్టిరి గాని పని యాగలేదు. పంటలు సమృద్ధిగా పండెను. కాని నీరు తీసినకొలది నేల క్రుంగి కాలువలకంటె పల్లమయ్యెను. నీటిని ఎత్తిపోయుటకు గాలిమరలును, పిదప 1820 ప్రాంతము నుండి ఆవిరియంత్రములును కావలసివచ్చెను. నీరు మరింత దిగెను. నేలయు మరింత క్రుంగెను.

1851లో విట్లెసీ మియరు అను పెద్ద సరస్సును ఎండగట్టిరి. ఆ కాలముననే విలియం వెల్సు అను భూస్వామి, సమీపమునందలి హోమ్ ఫెన్‌లో నొక యినుపస్తంభమును అడుగు బంకమట్టి వరకు దింపించి, పైకొన నేలతో సమముగా నుంచెను. నేడది సుమారు 4 మీటర్లు, అనగా రెండు నిలువులకు మించి, నేలపై నిలిచియున్నది. స్తంభము లేవలేదు, నేలయే దిగినది. మన్ను కొంత అణగెను. కొంత గాలి సోకి క్రుళ్ళి బొగ్గుపులుసు వాయువై పోయెను. కొంత ధూళియై యెగిరిపోయెను.

మొక్కలును తగ్గిపోయెను. చుక్కకూర జాతి నీటిమొక్కపై బ్రతుకు పెద్ద రాగిరంగు సీతాకోకచిలుక 19వ శతాబ్దిలోనే ఆ దేశమున అంతరించెను. పసుపుపచ్చని పూవులు గల ఫెన్ రాగ్‌వర్టు అను మొక్క 1857 తరువాత నశించినదని యెంచిరి. అది 1972లో నొక కాలువయొడ్డున మరల కానవచ్చెను. త్రవ్విన మన్నులో నిద్రించిన విత్తనము మొలచెనని పండితుల యూహ.

ఆ కర్షకులను నిందింప నాకు మనసొప్పదు. వారు పండించిన పంట యనేకుల యాకలి తీర్చినది. కాని వారు ఫలసాయమని యనుభవించిన దానిలో కొంత అసలే. 2001లో ఆరంభమైన గ్రేట్ ఫెన్ ప్రణాళికచే నచ్చటి కొన్ని భూములను మరల తడుపుచున్నారు. ఐనను పీటు పెరుగుట ఏటికి సుమారొక మిల్లీమీటరు మాత్రమే. విత్తనము మేల్కొనుటకైనను మన్ను మిగిలియుండవలెను గదా! చిత్తడినేలను ఎండగట్టుటకు మునుపు దాని యడుగున నేమున్నదో విచారించుట గ్రామపెద్దలకు తగిన పని.