పాత కార్టూన్లలో నల్ల బొమ్మలు: మన పిల్లలు చూస్తున్నదేమిటి, దాని వెనక కథేమిటి?

ఈసారి సంఘం వార్తలు, సభ్యత్వ రుసుం సంగతులు పక్కన పెట్టి వేరే విషయం రాస్తున్నాను. కారణం చిన్నదే, కానీ రెండు వారాలు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మన ఊళ్లో బడి కన్నడంలో, ఇంట్లో మాట తెలుగులో. అందుకని ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాం. ఆ తరగతికి వచ్చే ఒక పిల్లవాడి పేరులో ‘సాంబ’ అని ఉంది. శివుడి పేరు, వాళ్ల తాతగారి పేరు. రంగు కాస్త నలుపు. ఇంకో పిల్లవాడు మొబైల్లో ఏదో పాత అమెరికా కార్టూన్ చూసి వచ్చి, వాణ్ని ‘సాంబో, సాంబో’ అని పిలవడం మొదలుపెట్టాడు. అందులోని నల్ల పిల్లవాడిలాగా పెదవులు సాగదీసి, కళ్లు తిప్పి చూపించాడు. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే, సంగతి తెలియక నేనూ నవ్వాను. ఆ పిల్లవాడు తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. మూడో వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. వాడు నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం, ‘పేరు మార్చమంటున్నాడు సార్’ అంది.

అప్పటినుంచి ఆ కార్టూన్ ఏమిటి, ఎక్కడిది అని తెలుసుకుంటూ వచ్చాను. తెలిసినవి వరుసగా ఇక్కడ పెడుతున్నాను. దాచుకుంటే ఇంటి పెద్దలకు పనికొస్తుంది.

మూలకథ పుట్టింది మన దక్షిణ దేశంలోనే

ఆ కార్టూన్ పేరు ‘లిటిల్ బ్లాక్ సాంబో’, 1935 నాటిది. దానికి ఆధారం అదే పేరుతో 1899లో లండన్‌లో అచ్చయిన చిన్న పిల్లల పుస్తకం. రాసినావిడ హెలెన్ బ్యానర్‌మన్. 1862లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడు. ఆమె మన దేశంలో దాదాపు ముప్ఫై ఏళ్లు ఉన్నారు, అందులో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోనే. తన ఇద్దరు చిన్న కూతుళ్ల కోసం ఒక సుదీర్ఘ రైలు ప్రయాణంలో ఈ కథ అల్లి, బొమ్మలు కూడా తానే వేశారు.

కథ చూస్తే మన తాతమ్మలు చెప్పే కథలాగే ఉంటుంది. ఒక పిల్లవాడికి అమ్మానాన్నలు ఎర్ర కోటు, నీలం లాగు, ఆకుపచ్చ గొడుగు, ఊదారంగు జోడు ఇస్తారు. అడవిలో నాలుగు పులులు ఒకదాని తర్వాత ఒకటి ఎదురై తింటానంటాయి. పిల్లవాడు ఒక్కొక్క దానికి ఒక్కొక్క వస్తువిచ్చి ప్రాణం కాపాడుకుంటాడు. తర్వాత పులులు నాలుగూ ‘నేను గొప్పంటే నేను గొప్ప’ అని తగువులాడి, ఒకదాని తోక ఒకటి పట్టుకొని చెట్టు చుట్టూ తిరిగి తిరిగి కరిగి నెయ్యి అయిపోతాయి. ఆ నెయ్యిని నాన్న ఇత్తడి పాత్రలో ఇంటికి తెస్తాడు. అమ్మ దానితో దోసెల్లాంటి అట్లు పోస్తుంది. అమ్మ 27 తింటుంది, నాన్న 55 తింటాడు, పిల్లవాడు 169 తింటాడు.

ఆఫ్రికాలో పులులు ఉండవు. పులి, నెయ్యి, ఇత్తడి పాత్ర అన్నీ మన ఇంటివే. కథలో గెలిచేది కూడా పిల్లవాడి తెలివే. మరి తప్పెక్కడ జరిగింది?

మొదటి తప్పు పేర్లలో. ‘సాంబో’ అనేది అమెరికాలో బానిసలను తక్కువచేసి పిలిచే పేరుగా అప్పటికే స్థిరపడిపోయింది. 1852 నాటి ‘అంకుల్ టామ్స్ కేబిన్’ నవలలో కూడా ఆ పేరున్న బానిస ఒకడు ఉన్నాడు. తల్లి పేరు మంబో, తండ్రి పేరు జంబో. ఆ రెండు మాటలూ కలిపితే, అర్థం లేని గోల అనే ఇంగ్లీషు మాట వస్తుంది. రెండో తప్పు బొమ్మల్లో. కళ్లు గుడ్లంత, పెదవులు ముఖమంత, ఆ రోజుల్లో నల్లవారిని ఎగతాళి చేసే పద్ధతిలోనే గీశారు. మూడోది డబ్బు సంగతి. పుస్తకం హక్కు కేవలం అయిదు పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ తర్వాత దానిపై ఆమెకు అదుపు లేదు. అమెరికాలో ఎవరికి తోచినట్టు వాళ్లు వేరే బొమ్మలు వేయించి అచ్చేసుకున్నారు. ఆ బొమ్మలు అసలు వాటికంటే ఘోరంగా తయారయ్యాయి. మన దేశపు పిల్లవాడు అలా అమెరికా బానిస పిల్లవాడైపోయాడు.

1935లో కార్టూన్ ఏం చేసింది

కార్టూన్ తీసింది అబ్ ఐవర్క్స్. 1928లో వాల్ట్ డిస్నీతో కలిసి మిక్కీ మౌస్‌కు రూపం ఇచ్చింది ఈయనే. ఈ కార్టూన్‌లో మూలకథలోని తెలివైన బేరం పక్కకు పోయింది. పెద్దపులి వెంటపడటం, భయంతో కళ్లు తేలేయడం, లావుపాటి తల్లి యాస మీద హాస్యం ముందుకొచ్చాయి. పులికి నల్ల మాంసం అంటే ఇష్టం అనే అర్థం వచ్చే మాట ఆ తల్లి నోటనే పలికించారు. ఏడెనిమిది నిమిషాల బొమ్మ. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా, ఏ హెచ్చరికా లేకుండా దొరుకుతోంది. మన తరగతి పిల్లవాడు చూసింది అదే.

ఈ మూస ఎక్కడి నుంచి వచ్చింది

1830ల నుంచి అమెరికాలో ‘మిన్‌స్ట్రెల్’ ఆటలు ఉండేవి. తెల్లవాళ్లు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకొని, పెదవులు పెద్దవిగా దిద్దుకొని, నల్లవారిని సోమరులుగా, తిండిపోతులుగా, పిరికివారిగా చూపిస్తూ ఆడి పాడేవారు. టికెట్టు కొని జనం నవ్వేవారు. కార్టూన్లు వచ్చేసరికి గీసేవాళ్లకు ఆ వేషం రెడీగా దొరికింది. రెండు గీతలు గీస్తే చూసేవాడికి మనిషి ‘అర్థమైపోతాడు’. మూస బొమ్మ సౌకర్యం అదే, ప్రమాదం కూడా అదే.

పాత సాహిత్యం నుంచి తీసిన మరికొన్ని

అంకుల్ టామ్స్ కేబిన్: బానిసత్వానికి వ్యతిరేకంగా హేరియెట్ బీచర్ స్టోవ్ రాసిన నవల. 1933లో డిస్నీవారి ‘మిక్కీస్ మెల్లర్‌డ్రామర్’లో మిక్కీ బృందం ముఖాలకు నలుపు పూసుకొని ఈ కథను నాటకం వేస్తుంది. 1937లో వార్నర్ సంస్థకు టెక్స్ ఏవరీ తీసిన ‘అంకుల్ టామ్స్ బంగళా’ దాన్ని పూర్తిగా వెక్కిరింత చేసింది. కన్నీళ్లు పెట్టించడానికి రాసిన కథ నవ్వించడానికి వాడుకోబడింది.

రాబిన్సన్ క్రూసో: డేనియల్ డెఫో 1719లో రాసినది. మనలో చాలామంది బడిలో సంక్షిప్తంగా చదువుకున్నదే. 1935లో ‘మిక్కీస్ మ్యాన్ ఫ్రైడే’ వచ్చింది. దీవిలోని మనుషులంతా నరమాంస భక్షకులు, ఫ్రైడే అమాయకపు సేవకుడు.

స్నో వైట్: గ్రిమ్ సోదరుల కథ. 1943లో బాబ్ క్లాంపెట్ దాన్ని ‘కోల్ బ్లాక్ అండ్ డె సెబ్బెన్ డ్వార్ఫ్స్’ అని నల్లవారి వేషంతో తీశారు. సంగీతం గొప్పగా ఉంటుందని ఇప్పటికీ మెచ్చేవారున్నారు. కానీ బొమ్మలు అవమానకరంగా ఉన్నాయని నల్లజాతివారి సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. అప్పుడే అభ్యంతరం చెప్పింది. ‘ఆ రోజుల్లో ఎవరూ తప్పనుకోలేదు’ అనే మాట నిజం కాదని దీనివల్ల తెలుస్తుంది. తప్పనుకున్నవాళ్లు ఉన్నారు, వినేవాళ్లు తక్కువ.

పీటర్ పాన్: జె.ఎం. బారీ 1904 నాటి నాటకం, 1953లో డిస్నీ చిత్రం. ఇందులో అమెరికా మూలవాసుల చర్మం ఎందుకు ఎర్రగా ఉంటుందని ఎగతాళి చేసే పాటే ఉంది. తర్వాతి కాలంలో మన ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి యానిమేషన్ నేర్పిన క్లెయిర్ వీక్స్ ఈ చిత్రానికి పనిచేసినవారిలో ఒకరు.

జంగిల్ బుక్: బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో రాసినది. అందులో కోతుల గుంపుకు రాజంటూ లేడు. 1967 డిస్నీ చిత్రం కింగ్ లూయీ అనే రాజును కల్పించింది. జాజ్ పాట పాడుతూ ‘మనిషిని కావాలి’ అని కోరుకునే ఆ కోతిలో నల్లవారిపై వ్యంగ్యం ఉందని విమర్శకులు అంటారు. కాదనేవారూ ఉన్నారు.

వీటిని ఏం చేశారు

సాంబో పుస్తకం నల్ల పిల్లలను నొప్పిస్తుందని 1932లోనే నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాశారు. క్రమంగా బడులు, గ్రంథాలయాలు దాన్ని తీసివేశాయి. 1968లో పాత వార్నర్ కార్టూన్ల హక్కులున్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ పదకొండింటిని టీవీ ప్రసారం నుంచి ఆపేసింది. ‘అంకుల్ టామ్స్ బంగళా’, ‘కోల్ బ్లాక్’ వాటిలో ఉన్నాయి. మన పిల్లలకు బాగా తెలిసిన టామ్ అండ్ జెర్రీలో ముఖం కనపడకుండా కాళ్లు మాత్రమే కనిపించే నల్ల పనిమనిషి ఉంటుంది కదా, 1960లలో టీవీ కోసం కొన్నింటిలో ఆమె బదులు తెల్లామెను గీసి పెట్టారు.

ఇలా తుడిచేయడం సరికాదని, ఉన్నది ఉన్నట్టు చూపి తప్పు తప్పని చెప్పాలని తర్వాతివారు భావించారు. డిస్నీ ప్లస్‌లో 2020 అక్టోబరులో పీటర్ పాన్ వంటి చిత్రాల ముందు, ఇందులోని చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అనే అర్థంలో హెచ్చరిక వేయడం మొదలుపెట్టారు.

సాంబో కథకు మరో దారి కూడా దొరికింది. 1996లో ఫ్రెడ్ మార్సెలినో అనే చిత్రకారుడు కథను దాదాపు అలాగే ఉంచి, పేర్లను బాబాజీ, మామాజీ, పాపాజీ అని మార్చి, భారతీయ బొమ్మలు వేశారు. అదే ఏడాది నల్లజాతి రచయిత జూలియస్ లెస్టర్, చిత్రకారుడు జెర్రీ పింక్నీ ‘సామ్ అండ్ ది టైగర్స్’ అని తమదైన పద్ధతిలో తిరిగి చెప్పారు. అంటే కథ చావలేదు. మీద పూసిన మసి మాత్రం పోయింది.

మన ఇంటి సంగతి

ఇదంతా అమెరికావారి గొడవ అనుకుంటే పొరపాటు. మన రాముడు నీలమేఘశ్యాముడు, కృష్ణుడి పేరుకే నలుపని అర్థం, వ్యాసుడు, ద్రౌపది ఇద్దరికీ కృష్ణ నామం ఉంది. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అని సామెత చెబుతాం. పెళ్లిచూపుల్లో మాత్రం నారాయణుడి మాట ఎవరూ తలవరు. బొమ్మల పుస్తకాల్లో దేవతలు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉంటారని అమర్ చిత్రకథల మీద విమర్శ ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుణ్ని చూడండి. రాక్షసుడే, కానీ మర్యాద, మమకారం, హాస్యం అన్నీ ఉన్న మనిషి. ఆయన్ను చూసి మనం నవ్వం, ఆయనతో కలిసి నవ్వుతాం. తేడా అక్కడుంది.

మూస అంటే ఏమిటో మన పావగడ తాలూకావారికి ఇంకొకరు చెప్పక్కరలేదు. తెలుగు సినిమాలో సీమ యాస వినపడితే వెనకే కత్తి, బాంబు వస్తాయి. తెలంగాణ యాస చాలా కాలం హాస్యపాత్రలకే పరిమితమైంది. మన తెలుగులో కన్నడం కలిసిందని ఆంధ్రలోని చుట్టాలు నవ్వుతారు, మన కన్నడంలో తెలుగు ఉందని బెంగళూరులో నవ్వుతారు. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో నా మాటను అనుకరించి పక్క బల్ల దగ్గర నవ్వుకునేవారు. అది సరదాకే. కానీ నలభై ఏళ్లయినా ఎవరు ఏ మాట అన్నారో నాకు గుర్తుంది. అంత గుర్తున్న నేనే ఆదివారం తరగతిలో నవ్వాను.

ఇంట్లో పెద్దలు చేయగలిగినవి

ఒకటి, మొబైల్ ఇచ్చి వెళ్లిపోకండి, కనీసం మొదటి అయిదు నిమిషాలు పక్కన కూర్చోండి. పాత కార్టూన్లన్నీ చెడ్డవి కావు. నలుపు తెలుపు బొమ్మైనా, రంగుల బొమ్మైనా 1930, 40 నాటిదైతే కాస్త జాగ్రత్తగా చూడండి.

రెండు, అలాంటి బొమ్మ వస్తే లాక్కోకండి. లాక్కుంటే చాటుగా చూస్తారు. ‘వీణ్ని ఇలా ఎందుకు గీశారు? మన ఊళ్లో ఎవరైనా ఇలా ఉంటారా? నిన్ను ఇలా గీస్తే ఎలా ఉంటుంది?’ అని అడగండి. పిల్లలు మనకంటే త్వరగా జవాబు చెబుతారు.

మూడు, అసలు కథ మీరే చెప్పండి. నాలుగు పులులు నెయ్యిగా కరిగే కథకు ఏ ఎగతాళి పేరూ అక్కరలేదు.

నాలుగు, పిల్లల రంగును ముద్దుకైనా పేరుగా వాడకండి. కర్రోడా, నల్లోడా అని మనం పిలిస్తేనే కదా వాళ్లు నేర్చుకునేది.

పోయిన ఆదివారం తరగతిలో ఈ పులుల కథ నేనే చెప్పాను. పిల్లవాడికి మాత్రం మన పేరే పెట్టాను, సాంబడు. తెలివితో నాలుగు పులులను గెలిచినవాడు. అంతకు ముందు అందరి ఎదుటా, ఆ రోజు నేను నవ్వడం తప్పని చెప్పాను. వెక్కిరించిన పిల్లవాడు 169 అట్లు లెక్కపెట్టడానికి తంటాలు పడ్డాడు. మనవాడు వెనక వరుసలో వచ్చి కూర్చున్నాడు. నవ్వలేదు గానీ, పులులు ఎన్ని అని అడిగితే చెయ్యెత్తాడు. ప్రస్తుతానికి అది చాలు.

— తెలుగు సంఘం కార్యదర్శి, రాయచెర్లు