హార్ట్‌బ్లీడ్ రోజు వెర్షన్ నంబర్ చెప్పని సంగతి

ఏ యాప్‌లోనైనా సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఒక వెర్షన్ నంబర్ కనిపిస్తుంది. లోపల వాడిన లైబ్రరీలు ఏవి, వాటిని ఎప్పుడు, ఎలా బిల్డ్ చేశారు అని ఎవరూ పెద్దగా అడగరు. 2014 ఏప్రిల్ 7న మాత్రం సర్వర్లు నడిపేవాళ్లంతా సరిగ్గా అదే అడగాల్సి వచ్చింది.

ఆ రోజు బయటపడిన బగ్ పేరు హార్ట్‌బ్లీడ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని ఒక లైబ్రరీ. అప్పట్లో బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపించే సైట్లలో చాలావాటి వెనక ఎన్‌క్రిప్షన్ పని చేసింది అదే. కనెక్షన్ బతికే ఉందా అని చూసుకోడానికి అందులో హార్ట్‌బీట్ అనే ఫీచర్ ఉండేది. అవతలివాడు "ఇంత పొడవు మెసేజ్ పంపాను, తిరిగి పంపు" అంటే, నిజంగా అంత ఉందా లేదా చూడకుండా పంపేసేది! ఒక్కో దెబ్బకి 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ బయటికి. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ప్రైవేట్ కీలే ఉండొచ్చు. కెనడా పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయి.

1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా డేంజర్, 1.0.1జి సేఫ్. సింపుల్‌గా ఉంది కదా? కానీ ఉబుంటు 12.04 వాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వలేదు, పాత 1.0.1కే ఆ ప్యాచ్ వేసి ఇచ్చారు. మీరు అప్‌డేట్ చేసి "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్" అని కొడితే మళ్లీ అదే జవాబు: 1.0.1, 14 మార్చి 2012. గుండె గుభేల్! చివర "హైఫన్ ఎ" తగిలిస్తేనే అసలు విషయం తెలిసేది. "బిల్ట్ ఆన్" లైన్‌లో 2014 ఏప్రిల్ 7 అని ఉండేది. నంబర్ రెండేళ్ల నాటిది, బిల్డ్ మాత్రం తాజాది.

అదే అవుట్‌పుట్‌లో కంపైలర్ ఆప్షన్లు కూడా ఉంటాయి. హార్ట్‌బీట్ తీసేసి బిల్డ్ చేస్తే పాత వెర్షన్‌కి కూడా ఈ బగ్ లేనట్టే. ఫోన్ల కథ అలాంటిదే. ఆండ్రాయిడ్‌లో 4.1.1కి మాత్రమే ఈ ప్రమాదం ఉందని గూగుల్ చెప్పింది. 4.1.2లో హార్ట్‌బీట్‌ని ఆపేశారు.

ఇంకో చిక్కుంది. టూల్‌ని కంపైల్ చేసినప్పుడున్న లైబ్రరీ ఒకటి, రన్ అయ్యేటప్పుడు లోడయ్యేది ఇంకోటి కావచ్చు. డిస్క్ మీద ఫైల్ మార్చినా, రీస్టార్ట్ చేయని సర్వర్ మెమరీలో పాతదే నడుస్తూ ఉంటుంది. అందుకే నన్నడిగితే టూల్ అనేది రెండూ చెప్పాలి. కర్ల్‌ని చూడండి. "కర్ల్ హైఫన్ క్యాపిటల్ వి" అని కొడితే మొదటి లైన్‌లోనే తను వాడుతున్న లైబ్రరీల పేర్లు, వెర్షన్లు వరసగా చెప్పేస్తుంది.

మ్యాక్‌లో కొడితే అక్కడ లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అని కనిపించొచ్చు. హార్ట్‌బ్లీడ్ బయటపడిన అదే నెలలో, ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు విసిగిపోయి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ నుంచి విడదీసి మొదలుపెట్టిన లైబ్రరీ అన్నమాట అది.