జడ్జిగారు అడిగే ప్రశ్న

2019లో ఒక గురువారం రాత్రి, ఫుజైరాలో మా ఫ్లాటుకి మా ఊరి కుర్రాడొకడు వచ్చాడు. వరసకి తమ్ముడు. బరువులెత్తే పని, నడుం నొప్పి. గదిలో ఎవరో ట్రమడాల్ మాత్రలిచ్చారట. మొదట రోజుకొకటి, ఆ తర్వాత లెక్కే లేదు. "అన్నా, మానలేకపోతున్నా. ఆస్పత్రికెళ్తే పోలీసులకి పట్టిస్తారా?" అనడిగాడు. నాకు భయమేసింది. "ఎవరికీ చెప్పకు, సెలవు పెట్టి ఇంటికి పో" అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. ఆ సలహా సరైనదేనా అన్న అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఆ అనుమానంతోనే అప్పట్నుంచీ చదువుతూ వస్తున్నాను.

మత్తుకి అలవాటు పడ్డవాడు నేరస్తుడా, రోగా? చాలా దేశాల చట్టాలు చాలాకాలం మొదటి మాటే నమ్మాయి. అమెరికాలో 1980లలో క్రాక్ కొకైన్ విజృంభించాక మయామీలో కోర్టులూ జైళ్ళూ కిటకిటలాడిపోయాయి. పట్టుకోవడం, లోపల వేయడం, వదలడం, వాళ్ళనే మళ్ళీ పట్టుకోవడం. విసుగెత్తిన అక్కడి న్యాయాధికారులు 1989లో ఒక ప్రయోగం చేశారు. అదే మొట్టమొదటి డ్రగ్ కోర్టు. స్టాన్లీ గోల్డ్‌స్టీన్ అనే జడ్జి ఆ కుర్చీలో కూర్చున్నారు.

పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. నిందితుడు ఒప్పుకుంటే కేసు పక్కన పెట్టి చికిత్సకి పంపుతారు. మూత్ర పరీక్షలు, కౌన్సెలింగ్, మొదట్లో ఆక్యుపంక్చర్ కూడా. అసలు సంగతేమిటంటే, ఆ మనిషి కొన్నాళ్ళకోసారి అదే జడ్జి ముందుకి రావాలి. "ఎలా ఉన్నావు? పోయినసారి పరీక్ష తప్పావు, ఏం జరిగింది?" అని జడ్జి నేరుగా అతన్నే అడుగుతారు. తప్పితే చిన్న శిక్ష, నిలబడితే మెచ్చుకోలు. ఏడాదో ఆపైనో గడిచి, కోర్సు పూర్తయితే కేసు కొట్టేస్తారు. కొన్ని కోర్టుల్లో ఆ రోజు అందరూ చప్పట్లు కూడా కొడతారు.

ఇప్పుడు అమెరికాలో ఇలాంటి ట్రీట్‌మెంట్ కోర్టులు 4 వేల దాకా ఉన్నాయి. 2012లో 150కి పైగా అధ్యయనాలని కలిపి చూసిన ఒక పరిశోధన, పెద్దవాళ్ళ డ్రగ్ కోర్టుల్లో మళ్ళీ నేరం చేసేవాళ్ళ శాతం 50 నుంచి 38కి దగ్గరగా తగ్గుతుందని తేల్చింది. అద్భుతమేమీ కాదు. కానీ ఒక్కో శాతం వెనకా ఎన్ని ఇళ్ళున్నాయో ఆలోచించండి. లోపాలూ ఉన్నాయి. మధ్యలో తప్పుకున్నవాడికి ఒక్కోసారి మామూలు శిక్షకన్నా ఎక్కువే పడుతుంది. చికిత్స పడక లేని ఊళ్ళో చికిత్స కోర్టు పెట్టి ఏం లాభం అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే.

మరి ఇక్కడో? ఫుజైరా కోర్టులు ఫెడరల్ న్యాయవ్యవస్థలో భాగం. ఇక్కడ నడిచేది దేశమంతటికీ వర్తించే మాదకద్రవ్యాల చట్టమే. 1995 నాటి 14వ చట్టంలో మత్తు వాడినవాడికి కనీస శిక్ష 4 ఏళ్ళు. 2016 సవరణ దాన్ని 2 ఏళ్ళకి దించింది. 2021లో వచ్చిన 30వ చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. మొదటిసారి వాడినవాడికి 3 నెలల జైలు గానీ జరిమానా గానీ చాలనీ, శిక్షకి బదులు చికిత్స కేంద్రానికి పంపే వీలు కోర్టుకి ఉందనీ అది చెప్పింది. ఆ తర్వాత మళ్ళీ సవరణలు వచ్చాయి. ముఖ్యంగా విదేశీయుల్ని పంపించేసే విషయంలో. కాబట్టి ఎవరికైనా నిజంగా అవసరం పడితే లాయర్ని అడగండి, నన్ను కాదు.

నన్ను కుదిపేసింది ఇంకో సంగతి. తనంతట తానుగా చికిత్స కోరి వచ్చినవాడిమీద కేసు పెట్టకూడదన్న మాట ఆ 1995 చట్టంలోనే ఉంది. అంటే ఆ రాత్రికి దాని వయసు 24 ఏళ్ళు. తలుపు ఉంది, ఉన్నట్టు మాకు తెలీదు. చట్టాలు అరబిక్‌లో, కోర్టు అరబిక్‌లో. మా గదుల్లో తెలుగులో తిరిగేది మాత్రం భయం.

ఇంటి సంగతి మెరుగా అంటే అదీ లేదు. మయామీలో కోర్టు మొదలైన 1989లోనే మన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ చేరింది. చిన్న మోతాదుతోనో, వాడుతూనో దొరికినవాడు తానుగా చికిత్సకి వెళ్ళి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. 39వ సెక్షన్ ఇంకా ముందుకి వెళ్ళింది. దోషిగా తేలినవాణ్ణి కూడా, అతను ఒప్పుకుంటే, బాండు రాయించుకుని ప్రభుత్వం గుర్తించిన ఆస్పత్రికి పంపొచ్చు. ఏడాదిలోపు అతను కోర్టుకి చికిత్స రిపోర్టు తేవాలి. మయామీ ఎముకలన్నీ అందులో ఉన్నాయి. లేనిది కొన్నాళ్ళకోసారి "ఎలా ఉన్నావు?" అనడిగే మనిషి.

మద్యం సంగతి వేరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదకి వెళ్ళారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సారా తప్ప మిగతాది ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ మనం వాదించుకున్నదంతా దుకాణం గురించే. తెరవాలా, మూయాలా? తాగి తాగి వణికే చేతుల మనిషిని ఎవరు చూడాలన్నది ఆ వాదనలో పెద్దగా వినపడలేదు.

మా తమ్ముడు ఇంటికెళ్ళాక జిల్లా ఆస్పత్రిలో చేరాడు. ఒకసారి మళ్ళీ జారాడు, మళ్ళీ వెళ్ళాడు. పిన్ని ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి, ఫోన్ వాడికిచ్చేది. "ఎలా ఉన్నావురా?" అనడిగేవాణ్ణి. అంతకన్నా నాకేమీ చేతకాలేదు. ఇప్పుడు ఊళ్ళోనే పని చేసుకుంటున్నాడు.

ఆ రాత్రి వాడు మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అడిగితే, ఈసారి "ఎవరికీ చెప్పకు" అనను. "పద, ముందు లాయర్ని కనుక్కుందాం, నేనూ వస్తాను" అంటాను.