అభ్యంగనం: భోగమా, దినచర్యా?

తైలమర్దనం రాజవిలాసమన్న భావనకు బలం చేకూర్చే గ్రంథాల్లో మానసోల్లాసం ముఖ్యమైంది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన ఈ సంస్కృత గ్రంథం అభ్యంగనాన్ని స్నానభోగంలో, అనగా రాజు అనుభవించదగిన సుఖాల్లో చేర్చింది. అయితే వైద్యగ్రంథాలు దీనిని చూసిన తీరు వేరు. ఈ రెండు దృష్టులలో ఆచరణ దేనికి సన్నిహితంగా ఉండేదన్నది ఇక్కడ పరిశీలనాంశం.

చరకసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం నూనె పట్టిన కుండను, తోలును, బండి ఇరుసును ఉపమానాలుగా చూపి, నిత్యం అభ్యంగనం చేసుకొనే దేహం దృఢమవుతుందని, దెబ్బలకు, కఠినశ్రమకు అంతగా లొంగదని చెప్పింది. ఈ ఉపమానాలు అంతఃపురానికి చెందినవి కావు. పనిచేసే చేతులకు పరిచితమైన వస్తువులు. వాగ్భటుని అష్టాంగహృదయం దీనిని దినచర్యాధ్యాయంలోనే ఉంచి, ముదిమిని, అలసటను, వాతాన్ని హరిస్తుందనీ, నిద్రకూ చర్మానికీ మేలనీ పేర్కొంది. తల, చెవులు, పాదాల విషయంలో ప్రత్యేకశ్రద్ధ వహించమంది. కఫపీడితులకు, అజీర్ణం ఉన్నవారికి, శోధనచికిత్స పొందినవారికి నిషేధించింది. నిషేధాలు కూడా ఉండటం వల్ల ఇది ప్రశంస మాత్రమే కాక, వైద్యవిధి అని స్పష్టమవుతుంది.

ఇక ఆచరణకు సాక్ష్యం 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కథనం. కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకొని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, నూనె అంతా చెమటగా పోయేదాకా కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, గుర్రపుస్వారీ అనంతరం స్నానం చేసేవాడని అతడు రాశాడు.

వాగ్భటుడు చెప్పిన క్రమం అభ్యంగం, వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం. పేస్ కథనంలో నలుగు (ఉద్వర్తనం) తప్ప తక్కినవన్నీ అదే వరుసలో ఉన్నాయి. ఆయుర్వేద గ్రంథాలతో పరిచయం ఉన్నట్లు ఎక్కడా చెప్పుకోని విదేశీయుని కథనం కాబట్టి ఈ పోలిక విలువైనది. భేదమూ లేకపోలేదు. బలవంతుడు సైతం సగం శక్తితోనే వ్యాయామం చేయాలన్న వాగ్భటుని హద్దు ఇందులో కనిపించదు. రాయలది రోగి పథ్యం కాదు, యోధుని సాధన. పైగా ఇది ఒక్క రాజు దినచర్యకు సంబంధించిన సాక్ష్యం మాత్రమే. దీనిని బట్టి ప్రజలందరి అలవాటును నిర్ణయించలేము.

ప్రజాజీవితంలో దీని ఉనికికి మరో ఆధారం భాష. తలంటు, నలుగు అన్నవి సంస్కృత పారిభాషికాల అనువాదాల వలె కాక, ఇంటిపనుల నుంచి పుట్టిన మాటలుగా వినిపిస్తాయి. పసిబిడ్డల స్నానంలో, పెళ్ళినలుగులో, నరకచతుర్దశి నాటి వేకువ తలంటులో అవి నేటికీ సజీవాలు. నిత్యకృత్యం పండుగలకు, శుభకార్యాలకు పరిమితమయ్యాక పేరు నిలిచింది, నియమం సడలింది. కాబట్టి అభ్యంగనాన్ని భోగచరిత్రలోనే గాక, తెలుగువారి ఆరోగ్యచరిత్రలోనూ అధ్యయనం చేయవలసి ఉంది.