నుమాయిష్‌కి చోటుంది, ధర్నాకి?

నాంపల్లిలో అసెంబ్లీ ఎదురుగా గన్ పార్క్. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ల కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు చేసిన స్తూపం అక్కడే ఉంది. 1970లో శంకుస్థాపన జరిగితే 1975కి పూర్తయింది. అడుగున తూటా దెబ్బల గుర్తులు, శిఖరాన పాలరాతి పువ్వు. చుట్టూ పచ్చిక, కంచె. నాయకులొచ్చి దండలు వేసి మొక్కుతారు. అదే చోట ప్లకార్డు పట్టుకుని కూర్చుంటే మాత్రం కాసేపట్లో పోలీసు వ్యాన్ వస్తుంది.

సభకి ముందుగా అనుమతి తీసుకోవాలన్న నియమం ఈ ఊరికి కొత్తేం కాదు. నిజాం కాలంలో 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు ఆ పనే చేసింది. ఇప్పుడు భాష మారింది. ట్రాఫిక్, శబ్దం, చెత్త అంటున్నారు. 2017లో ఇందిరా పార్క్ దగ్గరి ధర్నా చౌక్‌ని మూసి, నిరసనలకి శివార్లలో చోట్లు చూపించడానికి చెప్పిన కారణాలు ఇంచుమించు ఇవే. అదే ఏడాది ఢిల్లీలో జంతర్ మంతర్‌ దగ్గర ధర్నాలని హరిత ట్రిబ్యునల్ శబ్దం పేరుతో ఆపేసింది. 2018లో అక్కడ సుప్రీంకోర్టు, ఇక్కడ హైకోర్టు జోక్యం చేసుకున్నాయి. 2021 నవంబరు 18న ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా ధాన్యం కొనుగోలు కోసం ఇందిరా పార్క్ దగ్గరే మహాధర్నాకి కూర్చున్నారు. ఆ రోజు ట్రాఫిక్ సంగతి ఎవరు అడిగారో మరి!

చుట్టుపక్కల వాళ్ల ఇబ్బంది అబద్ధమని నేననను. మైకు హోరు, రోడ్డు మీద ప్లాస్టిక్ గ్లాసులు, మరుగుదొడ్డి లేక ఆడవాళ్లు పడే అవస్థ, అన్నీ నిజమే. అయితే వీటికి మందు ఏమిటో గన్ పార్క్‌కి నడక దూరంలోనే దొరుకుతుంది.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఏటా నెలన్నర పాటు రోజూ వేలమంది వస్తారు. ట్రాఫిక్ మళ్లిస్తారు, నీళ్లు పెడతారు, తెల్లారేసరికి ఊడ్చేస్తారు. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి స్టాళ్లు చాలా కాలిపోయాయి. అయినా నుమాయిష్‌ని ఎవరూ ఊరి బయటికి తోలెయ్యలేదు. అగ్నిమాపక ఏర్పాట్లు పెంచి మరుసటి జనవరిలో మళ్లీ తెరిచారు. అంటే గుంపుని సంభాళించడం మనకి బాగానే తెలుసు, కొనడానికి వచ్చిన గుంపైతే.

ఆబిడ్స్‌లో ఇంకో పద్ధతి ఉంది. ఆదివారం షాపుల షట్టర్లు దించగానే ఫుట్‌పాత్ పాత పుస్తకాల బజారవుతుంది, సోమవారానికి మళ్లీ ఫుట్‌పాత్. ఒకే నేలని వంతులవారీగా వాడుకోవడమన్నమాట.

నన్నడిగితే గన్ పార్క్‌లో ఒక పక్క పచ్చిక తీసేసి రాతిబండలు పరచాలి, నీడకి నాలుగు వేపచెట్లు నాటాలి. నల్లాలు, మరుగుదొడ్లు, మైకుకి టైమూ ఉండాలి. సభ అయ్యాక ఊడ్చే కార్మికుల కూలి కార్పొరేషన్ బడ్జెట్‌లో ముందే రాసిపెట్టాలి, నిరసనకారుల డిపాజిట్‌గా కాదు. డిపాజిట్ అన్నామంటే డబ్బున్న పార్టీలే ధర్నా చేస్తాయి, జీతం రాని ఆ పారిశుధ్య కార్మికులు చెయ్యలేరు.