లాగేదానికి బ్రేకు ఉంది సరే, వెనక నుంచి తోసేదానికో?



ఈసారి పంట గురించి కాదు, పంటను మోసే బండి గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి. కోతలు మొదలయ్యేలోపు చదివితే ఇంకా మంచిది.

ముందు ఒక లెక్క చూద్దాం. ట్రాలీలో 60 బస్తాల వడ్లు వేశారనుకోండి. బస్తా 75 కిలోలైతే నాలుగున్నర టన్నులు. ట్రాలీ సొంత బరువు ఒకటిన్నర టన్ను అనుకుంటే మొత్తం ఆరు టన్నులు. ముందున్న ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. ట్రాక్టరు బ్రేకు పనిచేసేది దాని వెనక చక్రాల మీదే. ట్రాలీకి బ్రేకు లేకపోతే ఈ ఎనిమిది టన్నులనూ ఆ రెండు టైర్లే ఆపాలి. మన ఊళ్లలో తిరిగే ట్రాలీలు చాలావరకు ఇలాంటివే.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. ఎడ్లబండి కాలం నుంచి వస్తున్న అలవాటు. బండి దిగుడులోకి వస్తే ఎడ్లే వెనక్కి తన్నిపెట్టి కాడితో బరువును ఆపేవి. బండి నడిచేది మనిషి నడిచే వేగంతో కాబట్టి ఎలాగో సరిపోయేది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ మన దేశంలో మొదటి ట్రాక్టరు తయారుచేసింది. ఆ తర్వాత ఒక్కొక్క ఊరికీ ట్రాక్టర్లు వచ్చాయి. ఎడ్ల స్థానంలో ఇంజను వచ్చింది, వేగం పెరిగింది, బరువు పెరిగింది. వెనక బండికి బ్రేకు లేకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇదే చిక్కు మనకంటే ముందు రైలు వాళ్లకు వచ్చింది. వాళ్లు దాన్ని ఎలా విప్పుకున్నారో తెలిస్తే మన ట్రాలీ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

పాత రోజుల్లో అమెరికాలో గూడ్సు రైలు ఆపాలంటే డ్రైవరు ఈల వేసేవాడు. అది వినగానే బ్రేకు పనివాళ్లు పెట్టెల కప్పుల మీదకెక్కి, ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదకు పోతూ, ఒక్కొక్క చక్రం తిప్పి బ్రేకులు బిగించేవాళ్లు. వానలో, మంచులో, రాత్రిపూట కూడా ఇదే పని. జారిపడి చచ్చిపోయినవాళ్లు ఎంతోమంది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే 22 ఏళ్ల కుర్రాడు గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంజనులోంచి గొట్టం ద్వారా గాలి పంపితే ప్రతి పెట్టెకీ బ్రేకు పడుతుంది. లాగేదొక్కటే కాదు, వెనక వచ్చే ప్రతి పెట్టే తన బరువు తానే ఆపుకుంటుంది.

కానీ అందులో ఒక లోపం ఉంది. గొట్టం ఊడినా, పెట్టెలు విడిపోయినా గాలి అందదు, బ్రేకు పడదు. అంటే అసలు అవసరం వచ్చినప్పుడే చేతులెత్తేస్తుంది. దాంతో వెస్టింగ్‌హౌస్ 1872లో పద్ధతినే తిరగేశాడు. ప్రతి పెట్టె కింద ఒక గాలి ట్యాంకు పెట్టాడు. గొట్టంలో ఎప్పుడూ గాలి నిండి ఉండాలి. ఆ గాలి తగ్గితేనే బ్రేకు పడుతుంది. ఇక గొట్టం తెగితే బండి తనంతట తానే ఆగిపోతుంది. మన రైళ్లలో చైను లాగితే జరిగేదీ ఇదే. గొట్టంలో గాలి బయటికి పోతుంది, బ్రేకులు పడతాయి.

ఈ తేడా ఎంత పెద్దదో 1889 జూన్ 12న ఐర్లండ్‌లో అర్మా అనే ఊరి దగ్గర తెలిసింది. సండే స్కూలు పిల్లలను, పెద్దవాళ్లను విహారానికి తీసుకెళ్తున్న రైలు అది. మొత్తం 15 పెట్టెలు. ఎక్కుడులో ఇంజను లాగలేక ఆగిపోయింది. రైలును రెండు ముక్కలు చేసి, ముందు భాగాన్ని పైకి చేర్చి, తర్వాత వచ్చి మిగతాది తీసుకెళ్దామనుకున్నారు. ఆ రైలుకున్నది విడదీస్తే పనిచేయని రకం బ్రేకు. వెనక పది పెట్టెలకు మిగిలింది గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు.

చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? ఎక్కుడులో ట్రాలీ ఆపి చక్రం కింద రాయి పెట్టడం మనం రోజూ చూసేదే కదా.

ముందు భాగం కదలబోయేటప్పుడు కొంచెం వెనక్కి వచ్చి తగిలింది. ఆ తాకిడికి రాళ్లు ఆగలేదు. పది పెట్టెలూ పల్లంలోకి దొర్లుకుంటూ పోయి, వెనక వస్తున్న రైలుకు గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల రైళ్లన్నిటికీ, విడిపోతే తనంతట తానే పడే బ్రేకు ఉండి తీరాలని. అమెరికా కూడా 1893లో గూడ్సు రైళ్లతో సహా చట్టం తెచ్చింది. ప్రాణాలు పోయాకే రెండు మాటలు ఖాయమయ్యాయి. వెనక బండికి సొంత బ్రేకు ఉండాలి. లంకె తెగితే ఆ బ్రేకు తనంతట తానే పడాలి.

ఇక రోడ్డు మీదకు వద్దాం. 1920ల్లో అమెరికాలో కార్లు పెరిగాయి. కారు వెనక చక్రాల ఇల్లు లాంటి ట్రైలరు తగిలించుకుని ఊళ్లు తిరగడం మొదలైంది. చిన్న కారుకు గాలి కంప్రెసరు బిగించడం కుదరదు. అప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలోయిట్ ఊరివాడు ఆర్థర్ వార్నర్ కరెంటు బ్రేకు పట్టుకొచ్చాడు. అంతకుముందు కార్లకు స్పీడోమీటర్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నవాడు, 1909లోనే సొంతంగా విమానం కొన్నవాడు. 1927లో ఈ బ్రేకుల కోసం కంపెనీ పెట్టాడు.

ఆ బ్రేకు పనిచేసే తీరు చాలా తేలిక. ట్రైలరు చక్రానికి మామూలు డ్రమ్ము, లోపల రెండు బ్రేకు షూలు ఉంటాయి. వాటితోపాటు ఒక మీటకు కరెంటు అయస్కాంతం బిగించి ఉంటుంది. కరెంటు ఇస్తే అయస్కాంతం తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుని దానితోపాటు ఈడ్చుకుపోబోతుంది. ఆ ఈడుపుకు మీట తిరిగి షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. కరెంటు ఎక్కువిస్తే గట్టిగా పడుతుంది, తక్కువిస్తే మెల్లగా పడుతుంది. ఆ కరెంటు ఎంత ఇవ్వాలో చూసుకునే డబ్బానే బ్రేకు కంట్రోలర్ అంటారు. అది లాగే బండిలో, డ్రైవరు చేతికి అందేచోట ఉంటుంది.

మొదట్లో కంట్రోలర్ అంటే ఒక చేతి మీట, కరెంటును ఎక్కువ తక్కువ చేసే తీగచుట్ట, అంతే. తర్వాత కారు బ్రేకు ఆయిలు పైపుకే ఒక కొమ్మ తీసి కంట్రోలర్‌కు కలిపారు. పెడలు ఎంత గట్టిగా తొక్కితే ట్రైలరుకు అంత కరెంటు వెళ్లేది. బాగానే పనిచేసింది. కానీ కార్లకు రెండు లైన్ల బ్రేకులు, ఏబీఎస్ వచ్చాక ఆ పైపును కోయడం ప్రమాదం అయింది. అప్పుడు ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు వచ్చాయి. వాటికి కావలసింది బ్రేకు లైటు స్విచ్చి నుంచి ఒక తీగ మాత్రమే.

వీటిలో రెండు రకాలు. ఎంపిక దగ్గర అసలు తేడా ఇదే.

ఒకటి, టైము రకం. పెడలు మీద కాలు పడగానే, ముందే పెట్టుకున్న టైములో కరెంటును మెల్లగా పెంచుకుంటూ పోతుంది. మీరు మెల్లగా తొక్కారా, గట్టిగా తొక్కారా దానికి తెలియదు. ధర తక్కువ, ఎలా బిగించినా పనిచేస్తుంది. తేలిక బరువుకు, ఎప్పుడో ఒకసారి లాగేవాళ్లకు చాలు.

రెండు, వేగాన్ని చూసే రకం. లోపల ఒక లోలకం ఉండేది. బండి నెమ్మదిస్తే అది ముందుకు ఊగుతుంది. ఎంత ఊగితే అంత కరెంటు. ఇప్పుడు లోలకం బదులు చిన్న సెన్సారు ఉంటోంది. బరువు ఎక్కువున్నా, ఘాట్ రోడ్డు అయినా ఇదే కావాలి. లోలకం రకాన్ని మాత్రం మట్టంగా, బండి నడిచే దిశలోనే బిగించాలి. వంకరగా బిగిస్తే దాని లెక్కే తప్పుతుంది. 2005లో ఫోర్డ్ కంపెనీ తన సూపర్ డ్యూటీ పికప్పుల్లో కంట్రోలర్‌ను ఫ్యాక్టరీలోనే పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది.

బిగించడానికి నాలుగు తీగలు చాలు. ఒకటి బ్యాటరీ పాజిటివ్ నుంచి, రెండోది నెగెటివ్‌కు, మూడోది బ్రేకు లైటు స్విచ్చి నుంచి, నాలుగోది ట్రైలరు బ్రేకులకు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. పాజిటివ్ తీగకు బ్యాటరీ దగ్గరే బ్రేకరు పెట్టాలి. ఒక్కో చక్రం అయస్కాంతం 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలంటే 12 ఆంపియర్లు. సన్న తీగ వేస్తే బ్రేకుకు చేరేలోపు కరెంటు పడిపోతుంది. లైట్ల తీగకు దీన్ని కలిపేస్తే కుదరదు.

తర్వాత సరిచూసుకోవాలి. బరువు వేసి, సమంగా ఉన్న ఎండు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ట్రైలరు బ్రేకు ఒక్కటే చేత్తో వేయాలి. ట్రైలరు చక్రాలు ఈడ్చుకుపోయే దాకా శక్తి పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించాలి. బరువు మారితే మళ్లీ సరిచూసుకోవాలి. ఆ చేతి మీటకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. ట్రైలరు వెనక అటూ ఇటూ ఊగితే, ముందు బండి బ్రేకు తొక్కకుండా ట్రైలరు బ్రేకు ఒక్కటే వేస్తారు. వెనక నుంచి పట్టి లాగినట్టై బండి వరుసలోకి వస్తుంది.

అర్మా నేర్పిన రెండో పాఠం కూడా ఇందులో ఉంది. ట్రైలరు మీదే ఒక చిన్న బ్యాటరీ, ఒక పిన్ను స్విచ్చి ఉంటాయి. ఆ పిన్నుకు కట్టిన తీగ లాగే బండికి తగిలించి ఉంటుంది. లంకె ఊడితే పిన్ను లాగబడి బ్యాటరీ కరెంటుతో బ్రేకులు పడతాయి. బ్రేకులు తప్పనిసరైన ట్రైలర్లకు, అలా పడ్డ బ్రేకు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలని అమెరికా రూలు. ఐరోపాలో ట్రాక్టరు ట్రైలర్లకు ఒకే ఆయిలు గొట్టంతో పనిచేసే బ్రేకు ఉండేది. గొట్టం ఊడితే బ్రేకు పోయినట్టే. ఐరోపా సమాఖ్య 2015 నాటి రూల్సులో రెండు గొట్టాల పద్ధతికి మారమంది. వెస్టింగ్‌హౌస్ 1872లో దిద్దుకున్న తప్పును వ్యవసాయం దిద్దుకునేసరికి 140 ఏళ్లు పైనే పట్టింది చూడండి.

మరి మన మాటేమిటి? అమెరికా డబ్బా తెచ్చి ట్రాక్టరుకు బిగిస్తే సరిపోతుందా అంటే, కాదు. ట్రాక్టరులో 12 వోల్టుల బ్యాటరీ ఉంది నిజమే. కానీ ట్రాలీ ఇరుసుకు డ్రమ్మే లేకపోతే కంట్రోలర్ దేన్ని పట్టి ఆపుతుంది? కాబట్టి మొదలుపెట్టాల్సింది ఇరుసు దగ్గర. కొత్త ట్రాలీ చేయించేటప్పుడు రంగు, తొట్టి పొడవు మాట్లాడుకోవడానికి ముందే బ్రేకు డ్రమ్ములున్న ఇరుసు కావాలని అడగండి. ఆ బ్రేకు దేనితో పడుతుంది, ఆయిలుతోనా, గాలితోనా, కరెంటుతోనా అని అడగండి. ఆఖర్న తప్పకుండా ఇంకొకటి అడగండి: పిన్ను ఊడితే ఏమవుతుంది?

అప్పటిదాకా పాత ట్రాలీతోనే నడవాలి కదా. రోడ్డెక్కే ముందు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను లాకుతో కలపండి. దుక్కిలో విడదీసింది అలాగే ఉంటే, రోడ్డు మీద ఒకే చక్రం పట్టుకుని ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది, ట్రాలీ దాన్ని మడతపెడుతుంది. దిగుడులో న్యూట్రల్ చేయకండి, క్లచ్చి తొక్కి వదిలేయకండి. దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది. వేగం 10 నుంచి 20కి పెరిగితే ఆపాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పిన్నుకు క్లిప్పు, పక్కన గట్టి గొలుసు ఉండనివ్వండి. చక్రం కింద రాయికి బదులు ఏటవాలుగా కోసిన రెండు చెక్కదిమ్మెలు ట్రాలీలోనే పెట్టుకోండి.

బస్తాల మీద కూలీలు కూర్చుని వస్తుంటారు. అందులో మనింటి ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉంటారు. ట్రాలీని మనుషులు ఎక్కడానికి చేయలేదని అందరికీ తెలుసు, అయినా ఎక్కిస్తాం. అర్మాలో ఆ పది పెట్టెల్లో ఉన్నవాళ్లు కూడా చక్రాల కింద రాళ్లున్నాయన్న నమ్మకంతోనే కూర్చున్నారు. ఈసారి కోతలకు మనుషులను వేరే బండిలో పంపండి, ట్రాలీ చేయించేవాళ్లు బ్రేకుతో చేయించండి. డ్రమ్ము ఇరుసుతో ట్రాలీ చేయించినవాళ్లు మీలో ఉంటే, ఎంత ఖర్చయింది, ఎలా పనిచేస్తోంది మిగతా రైతులకు చెప్పండి. చూసి ఇంకో నలుగురు చేయించుకుంటారు.